చోంగ్‌లీ: చలిని అమ్ముకున్న కొండ ఊరు



మలేషియాలో ఉన్న మనవాళ్లకి జెంటింగ్ కొండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి చుట్టాలొస్తే ముందు ట్విన్ టవర్స్, తర్వాత బాటూ కేవ్స్, ఆ తర్వాత స్వెటర్లు సంచిలో పెట్టుకుని జెంటింగ్. ఎండలు మండే ఈ దేశంలో చల్లగాలి దొరికే చోటు అది. ఆ చల్లగాలికే టికెట్టు పెట్టి కోట్లు గడించారు. అదే పేరుతో చైనాలో ఇంకో కొండ ఉంది, అక్కడ వింటర్ ఒలింపిక్స్ కూడా జరిగాయి అంటే మీలో చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ కొండ ఉన్న ఊరి పేరు చోంగ్‌లీ. ఈసారి చరిత్ర శీర్షికలో ఆ ఊరి కథ చెబుతాను.

మనకేంటి సంబంధం అంటారా? కొంచెం ఓపిగ్గా చదవండి. ఊరు మనదే, గాలి మనదే, నేల మనదే అయినా, దాని విలువ ఎంతో బయటివాళ్లొచ్చి చెప్పేదాకా తెలియని ఊళ్లు మనకీ ఉన్నాయి. విలువ తెలిశాక ఆ ఊరివాళ్లకి ఏం మిగిలింది అన్నది చోంగ్‌లీ కథలో బాగా కనిపిస్తుంది.

ఎక్కడుందీ ఊరు?

బీజింగ్‌కి వాయవ్యంగా, రోడ్డు మీద 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో హెబెయ్ రాష్ట్రంలో జాంగ్‌జియాకౌ అనే నగరం కింద ఉంటుంది చోంగ్‌లీ. మన పాత తాలూకా అంత ఊహించుకోండి. జనాభా లక్షా పాతిక వేల చుట్టుపక్కల. ఇక్కడితో ఉత్తర చైనా మైదానం అయిపోయి మంగోలియా పీఠభూమి మొదలవుతుంది. పాత రాజ్యాలు కట్టిన గోడల శిథిలాలు, చైనా మహాకుడ్యం ముక్కలు, ఈ కొండల మీద ఇప్పటికీ ఉన్నాయి. గోడకి ఇటు వ్యవసాయం, అటు గుర్రాలు, గొర్రెలు. అంటే చోంగ్‌లీ ఎప్పుడూ సరిహద్దు ఊరే.

కొండ శిఖరాలు 2,100 మీటర్ల దాకా ఉంటాయి. చలికాలంలో రాత్రిళ్లు సున్నాకి 20 డిగ్రీలు కిందకి పోవడం మామూలే. నవంబరు నుంచి మార్చి దాకా నేల గడ్డకట్టి ఉంటుంది. సంవత్సరంలో ఒక్క పంటే. వరి ఊసే లేదు, గోధుమ కూడా సరిగ్గా పండదు. పండేవి బంగాళాదుంప, అవిసె, ఇంకా 'యోమాయ్' అనే పొట్టులేని ఓట్స్.

ఈ యోమాయ్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఇప్పుడు మనం డాక్టరు చెప్పాడని డబ్బాల్లో కొనుక్కుంటున్న ఓట్స్ అక్కడ పేదవాళ్ల తిండి, మన దగ్గర ఒకప్పటి జొన్నలు, రాగుల్లాగా. దాన్ని వండటం కూడా తేలికేం కాదు. ముందు గింజలు వేయించాలి. తర్వాత పిండి పట్టాలి. ఆ పిండిని సలసల కాగే నీళ్లతో కలపాలి. కలిపిన ముద్దని మళ్లీ ఆవిరి మీద ఉడికించాలి. అంటే నిప్పు, నీళ్లు, ఆవిరి, మూడుసార్లు వేడి తగలాలి. ఆడవాళ్లు నున్నటి రాయి మీద చిన్న ముద్ద పెట్టి, అరచేత్తో ఒక్క తోపు తోసి, పల్చటి పొరలా లేపి, వేలికి చుట్టి గొట్టంలా చేస్తారు. ఆ గొట్టాలన్నీ ఆవిరి బుట్టలో నిలబెడితే అచ్చం తేనెపట్టులా కనిపిస్తుంది. గొర్రెమాంసం పులుసులోనో, ఆవకూరలు వేసిన నీళ్లలోనో ముంచుకుని తింటారు. కడుపులో చాలాసేపు ఉంటుంది. ఆ చలికి అదే కావాలి.

ఇలాంటి ఊళ్లో చలి అంటే శాపం. చలి వల్లే పంట తక్కువ, చలి వల్లే పనులుండవు, చలి వల్లే మగవాళ్లు జాంగ్‌జియాకౌకో, బీజింగ్‌కో కూలికి వలస పోవాలి. ఇదే చలిని ఒకప్పుడు ఒక చక్రవర్తి మాత్రం వెతుక్కుంటూ వచ్చాడు.

చక్రవర్తి వంటింటి గిన్నెలు

చోంగ్‌లీలో తాయ్‌జిచెంగ్ అనే పల్లె ఉండేది. 'యువరాజు కోట' అని ఆ పేరుకి అర్థం. ఆ పేరెందుకొచ్చిందో ఊరివాళ్లు రకరకాలుగా చెప్పుకునేవాళ్లు గానీ, నేల మీద కోట కనిపించేది కాదు. ఒలింపిక్స్ కోసం అక్కడ క్రీడాగ్రామం కట్టాలనుకున్నప్పుడు, 2017లో పురావస్తు శాఖవాళ్లు తవ్వకాలు మొదలుపెట్టారు. బయటపడింది చిన్నాచితకా కోట కాదు, 800 ఏళ్ల కిందటి రాజమహలు.

అప్పట్లో ఉత్తర చైనాని ఏలింది జిన్ వంశం. వాళ్లు చైనీయులు కారు, ఈశాన్యం నుంచి వచ్చిన జుర్చెన్ జాతివాళ్లు. వాళ్ల చక్రవర్తి జాంగ్‌జోంగ్ 1189 నుంచి 1208 దాకా ఏలాడు. రాజధాని ఇప్పటి బీజింగ్‌లోనే ఉండేది. వేసవి ఎండలకి అక్కడ ఉండలేక, కొండల్లో చల్లగా ఉంటుందని ఇక్కడ మహలు కట్టించుకున్నాడు. మన దొరలు ఊటీకి, కొడైకి వెళ్లినట్టే అనుకోండి, కాకపోతే వాళ్లకంటే 600 ఏళ్ల ముందు.

తవ్వకాల్లో ఇటుకల మీద 'లోపలి మహలు' అని అర్థం వచ్చే అక్షరాల ముద్రలు దొరికాయి. నాకు బాగా నచ్చింది మాత్రం అవి కాదు. తెల్లటి పింగాణీ గిన్నెల ముక్కలు దొరికాయి, వాటి అడుగున 'షాంగ్‌షిజు' అని చెక్కి ఉంది. అంటే చక్రవర్తి వంటశాల. పెళ్లిళ్లలో గిన్నెలు కలిసిపోకుండా అడుగున పేర్లు కొట్టించుకునే అలవాటు మన ఇళ్లలో లేదూ? అలాగే రాజుగారి వంటింటి సామాను మీద కూడా పేరు కొట్టించారు. ఆ పేరే ఇన్ని వందల ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పింది, ఇది మామూలు కోట కాదు, చక్రవర్తి భోంచేసిన ఇల్లు అని. ఈ తవ్వకం 2018 సంవత్సరానికి చైనా పది గొప్ప పురావస్తు ఆవిష్కరణల్లో ఒకటిగా ఎంపికైంది. కట్టడాల ప్లాను సర్ది, ఆ శిథిలాల్ని అలాగే ఉంచేశారు.

చల్లటి మహలు సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. 1211లో చెంఘిజ్ ఖాన్ ఉత్తరాన్నుంచి దండెత్తాడు. జాంగ్‌జియాకౌకి దగ్గర్లోనే యెహూలింగ్ అనే కనుమలో జిన్ సైన్యాన్ని నుగ్గునుగ్గు చేశాడు. మహలు మట్టిలో కలిసిపోయింది. ఓట్స్ పండించే రైతులు దాని మీదే పల్లె కట్టుకుని, పేరు మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

దాక్కోడానికి వచ్చినవాళ్లు

చోంగ్‌లీ అనే పేరు పాతదేం కాదు. 1934లో ప్రభుత్వం కొత్త పాలనా కేంద్రం పెట్టినప్పుడు వచ్చింది. 'మర్యాదని గౌరవించడం' అని దాని అర్థం. అంతకుముందు ఊరి పేరు షీవాన్‌జి. ఇప్పటికీ పట్టణం నడిబొడ్డుకి ఆ పేరే.

ఆ షీవాన్‌జికి వేరే రకం ఖ్యాతి ఉండేది. 1724లో చైనా చక్రవర్తి క్రైస్తవ మతాన్ని నిషేధించాడు. బీజింగ్‌లో ఉండలేని క్రైస్తవులకి మహాకుడ్యం అవతల, ఎవరూ పట్టించుకోని ఈ చలికొండల ఊరు దాక్కోడానికి పనికొచ్చింది. 1830ల నాటికి ఇది క్యాథలిక్కులకి పెద్ద స్థావరమైపోయింది. 1860 తర్వాత నిషేధం పోయింది. 1865లో బెల్జియం నుంచి థియోఫిల్ వెర్బిస్ట్ అనే ఫాదర్ తన తోటివాళ్లతో ఇక్కడికి వచ్చాడు. బ్రస్సెల్స్ దగ్గర ఆయన స్థాపించిన సంఘానికి ఇదే మొదటి మజిలీ. మూడేళ్లు తిరక్కుండానే, 1868లో, ఆయన ఈ ప్రాంతంలోనే జబ్బుచేసి పోయాడు.

ఆ మిషన్‌లో ఒక అనాథాశ్రమం ఉండేది. అందులో ఎక్కువమంది ఎవరో ఊహించగలరు. పుట్టగానే వదిలేసిన ఆడపిల్లలు. కరువొచ్చినా, కట్నం భయమున్నా, కొడుకు కావాలన్నా, ముందు వదులుకునేది ఆడపిల్లనే. ఇది ఆ దేశం గొడవే అని మనం అనుకోడానికి లేదు. ఆ పిల్లలు అక్కడ పెరిగి, కుట్టుపనులు, వంటపనులు, చదువు నేర్చుకుని, పెళ్లిళ్లు చేసుకుని ఆ ఊళ్లోనే కాపురాలు పెట్టారు. ఆ మతాన్ని మనం నమ్మినా నమ్మకపోయినా, ఆ ఊరి కుటుంబాల వెనక ఆ పిల్లలున్నారన్నది నిజం.

ఆ తర్వాత యుద్ధాలు. జపాన్‌వాళ్లు వచ్చారు, పోయారు. 1946లో అంతర్యుద్ధంలో పెద్ద చర్చి కాలిపోయింది. 1949 తర్వాత విదేశీయులందరూ వెళ్లిపోయారు. సోవియట్ యూనియన్‌తో గొడవలొచ్చాక, ఉత్తరం నుంచి బీజింగ్‌కి వచ్చే దారి ఇదే కాబట్టి, జాంగ్‌జియాకౌ ప్రాంతం మొత్తం సైన్యం చేతికింద ఉండిపోయింది. 1995 దాకా విదేశీయులకి మామూలుగా ప్రవేశం లేదు. దక్షిణ చైనాలో ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేస్తుంటే, రాజధానికి ఇంత దగ్గర ఉన్న ఊరు మాత్రం ఓట్స్, బంగాళాదుంపల దగ్గరే ఆగిపోయింది. పేద కౌంటీల జాతీయ జాబితాలో చోంగ్‌లీ పేరు చేరింది.

జీపులో కొండెక్కి

దారి తెరిచిన మరుసటి ఏడాదే, 1996లో, ఇద్దరు మనుషులు చోంగ్‌లీ వచ్చారు. ఒకాయన షాన్ జావోజియాన్, 1957లో చైనా మొట్టమొదటి జాతీయ స్కీయింగ్ చాంపియన్. రెండో ఆయన గువో జింగ్ అనే బీజింగ్ వ్యాపారి. అప్పటిదాకా చైనాలో స్కీయింగ్ అంటే రష్యా సరిహద్దు వైపు ఉన్న ఈశాన్య రాష్ట్రాలే. హార్బిన్ దగ్గర యాబులీలో 1996లోనే ఆసియా వింటర్ గేమ్స్ జరిగాయి. బీజింగ్ జనానికి అదంతా దూరాభారం. రాజధానికి దగ్గర్లో చలి, వాలు, గాలి అన్నీ కుదిరే కొండ కోసం వీళ్లు వెతికారు. చోంగ్‌లీ కొండల్ని చూసి షాన్ ఇదే అన్నాడు.

ఆ చలికాలమే సాయ్‌బెయ్ అనే మొదటి స్కీ మైదానం తెరిచారు. ఉన్నది చిన్న వాలు. లిఫ్టులు లేవు, వచ్చినవాళ్లని జీపులో కొండ మీదకి తీసుకెళ్లి దింపితే జారుకుంటూ కిందకి వచ్చేవాళ్లు. ఊరివాళ్లకి వింత. చెక్కలు కాళ్లకి కట్టుకుని కొండ మీంచి జారడానికి మనుషులు డబ్బులెందుకు ఇస్తారు? ఎముకలు విరగ్గొట్టుకోడానికి బీజింగ్ నుంచి రావాలా? నేను ఎముకల వార్డులో నర్సుగా పనిచేస్తాను, ఆ ప్రశ్న నాకు చాలా న్యాయంగానే అనిపిస్తుంది.

2003లో వాన్‌లోంగ్ రిసార్టు వచ్చింది. పెట్టింది బీజింగ్‌లో రెస్టారెంట్లు నడిపే లువో లీ అనే ఆయన. మొదట్లో ఏళ్ల తరబడి నష్టాలే. 2006లో ఇటలీ పేరుతో ఇంకోటి. ఒలింపిక్స్ నాటికి పెద్దవే ఏడు రిసార్టులయ్యాయి.

ఇక్కడే మన జెంటింగ్ వస్తుంది. లిమ్ గో టాంగ్ పేరు మలేషియాలో పిల్లలకి కూడా తెలుసు. చైనాలో ఫుజియాన్ రాష్ట్రం ఆన్‌షీలో పుట్టి, 1937లో బతుకుతెరువు కోసం మలయాకి వచ్చిన మనిషి. 1965లో జెంటింగ్ మొదలుపెట్టి, అడవిలో రోడ్డు వేయించి, 1971లో మొదటి హోటల్ తెరిచాడు. ఆయన కొడుకు లిమ్ చీ వా, తండ్రి వదిలొచ్చిన దేశానికే వెళ్లి, చోంగ్‌లీలో స్కీ రిసార్టు కట్టాడు. 2012లో తెరిచిన ఆ రిసార్టుకీ జెంటింగ్ పేరే పెట్టారు. తండ్రి ఎండల దేశంలో చల్లదనం అమ్మాడు, కొడుకు చలి దేశంలో గడ్డకట్టే చలినే అమ్మాడు. వలస పోయినవాళ్ల పిల్లలు డబ్బుతో వెనక్కి వెళ్లడం మనం గల్ఫ్‌లోనూ, అమెరికాలోనూ చూస్తూనే ఉన్నాం కదా.

చోంగ్‌లీ తలరాత మారిన రోజు కూడా ఇక్కడే, కౌలాలంపూర్‌లోనే వచ్చింది. 2015 జూలై 31న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం ఇక్కడ జరిగింది. 2022 వింటర్ ఒలింపిక్స్ కోసం ఓస్లో, స్టాక్‌హోమ్ లాంటి నగరాలు ముందే తప్పుకున్నాయి. చివరికి మిగిలింది బీజింగ్, కజకిస్తాన్‌లోని ఆల్మటీ. 44 ఓట్లు బీజింగ్‌కి, 40 ఆల్మటీకి. నాలుగు ఓట్ల తేడా. మంచు ఆటల్లో చాలా భాగం చోంగ్‌లీలో జరపాలన్నది ఆ ప్లాన్‌లోనే ఉంది.

మంచు లేని మంచు ఊరు

ఇప్పుడు అసలు విచిత్రం. చోంగ్‌లీలో చలి ఉంది గానీ మంచు పెద్దగా పడదు. వానలన్నీ మన నైరుతి వానల్లాగే వేసవిలోనే కురిసిపోతాయి. చలికాలంలో గాలి సైబీరియా నుంచి పొడిగా వస్తుంది. ఒలింపిక్ కమిటీ తరఫున 2015లో పరిశీలించినవాళ్లు కూడా, ఇక్కడ సహజమైన మంచు బాగా తక్కువ, పోటీలు తయారుచేసిన మంచు మీదే జరపాలి అని రాశారు. అలాగే జరిగింది.

మంచు తయారీ ఎలాగంటే, నీళ్లని బాగా ఒత్తిడితో పైపుల్లో కొండ మీదకి ఎక్కిస్తారు. పెద్ద ఫ్యాన్ల లాంటి యంత్రాలు ఆ నీటిని సన్నటి తుంపరగా గాల్లోకి చిమ్ముతాయి. తుంపర నేల మీద పడేలోపు గడ్డకట్టి మంచు రవ్వ అవుతుంది. దానికి చలి ఉండాలి, గాలి పొడిగా ఉంటే ఇంకా మంచిది. అంటే పంటలకి శత్రువైన ఆ పొడిచలే, మంచు యంత్రాలకి చుట్టమైంది.

మరి నీళ్లు? ఉత్తర చైనాలో నీటి కరువు ఈనాటిది కాదు. బీజింగ్ తాగే నీళ్లలో కొంత ఈ కొండల నుంచే దిగుతుంది. పక్క కౌంటీలోని యున్‌జౌ జలాశయం నుంచి పైపులు వేసి చోంగ్‌లీకి నీళ్లు తెచ్చారు. ఇంకో పక్క, భూగర్భ జలాలు కాపాడాలని జాంగ్‌జియాకౌ ప్రాంతంలో నీళ్లు పెట్టి పండించే సాగుని తగ్గిస్తూ, రైతులకి పరిహారం ఇచ్చింది ప్రభుత్వం. మంచు కరిగి మళ్లీ నేలలోకే ఇంకుతుంది అంటారు నిర్వాహకులు, అందులో కొంత నిజముంది. కానీ చేనుకి నీళ్లు వద్దు, వాలుకి నీళ్లు కావాలి అన్నప్పుడు, మోటారు ఆపేసిన రైతు మనసెలా ఉంటుందో బోరు బావుల జిల్లాల్లో పుట్టిన మనకి వేరే చెప్పక్కర్లేదు.

రెండు రైళ్లు

ఈ కొండల్లోకి మొదటి రైలు 1909లో వచ్చింది, బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌ దాకా. విదేశీ ఇంజినీర్లు లేకుండా చైనావాళ్లే ప్లాను గీసి కట్టుకున్న మొదటి పెద్ద రైలుమార్గం అది. కట్టించింది జాన్ తియన్‌యూ. 1872లో, పదకొండేళ్ల పిల్లాడిగా ప్రభుత్వం అమెరికా పంపితే, 1881లో యేల్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసి వెనక్కి వచ్చిన మనిషి. నిటారు కొండ ఎక్కలేక రైలు ఆగిపోతుందని, పట్టాలని వి ఆకారంలో వేసి, ముందొకటి వెనకొకటి రెండు ఇంజన్లతో ఎక్కించాడు.

రెండో రైలు 2019 డిసెంబరు 30న వచ్చింది. గంటకి 350 కిలోమీటర్ల వేగం. అందులోంచి చోంగ్‌లీకి ఒక శాఖ వేశారు. బీజింగ్ నుంచి ఇంచుమించు గంటలో తాయ్‌జిచెంగ్ స్టేషన్లో దిగొచ్చు. అదే, చక్రవర్తి గిన్నెలు దొరికిన తాయ్‌జిచెంగ్. రాజుగారు మందీమార్బలంతో రోజుల తరబడి వచ్చిన దారిలో, ఇప్పుడు ఆఫీసు ఉద్యోగులు శనివారం పొద్దున వచ్చి ఆదివారం రాత్రికి ఇంటికి పోతున్నారు.

ఊరివాళ్లకి ఏం వచ్చింది?

ముందు మంచి చెప్పుకుందాం. 2019లో చోంగ్‌లీని పేద కౌంటీల జాబితాలోంచి తీసేశారు. అధికారుల లెక్క ప్రకారం దాదాపు 30,000 మంది మంచు పనుల్లో ఉన్నారు. నలుగురిలో ఒకరు అన్నమాట. వలస పోయిన కుర్రాళ్లు తిరిగొచ్చి స్కీ నేర్పే మాస్టర్లయ్యారు, మంచు యంత్రాలు నడుపుతున్నారు. ఆడవాళ్లు హోటళ్లలో గదులు సర్దుతున్నారు, వంట చేస్తున్నారు, సొంతింట్లో గదులు అద్దెకిచ్చి యోమాయ్ గొట్టాలు వండి పెడుతున్నారు. బీజింగ్‌లోని పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రి ఒకటి చోంగ్‌లీ ఆసుపత్రిని తన చేతికింద తీసుకుంది. స్కీ చేసి మోకాలు విరిగినవాళ్ల కోసమే పెట్టినా, ఆపరేషన్ థియేటరూ, డాక్టర్లూ ఊరివాళ్లకి కూడా అందుతాయి. ఒక నర్సుగా నాకు ఇది చిన్న విషయంగా కనబడదు.

ఇక రెండో వైపు. తాయ్‌జిచెంగ్ పల్లెని ఖాళీ చేయించారు. 800 ఏళ్లనాటి ఇటుకలకి కంచె వేసి కాపాడారు గానీ, వాటి మీద తరతరాలుగా కాపురమున్నవాళ్లు పరిహారం తీసుకుని పట్టణంలో ఫ్లాట్లకి మారిపోయారు. అక్కడ ఇళ్ల ధరలు రిసార్టులొచ్చాక ఆకాశానికి ఎక్కాయి. ఫ్లాట్లో కోళ్లు పెట్టుకోలేరు, బంగాళాదుంపలు దాచుకునే నేలకొట్టు ఉండదు, ఓట్స్ వేయించే పెద్ద పొయ్యి ఉండదు. ఉద్యోగం చలికాలంలోనే. పొలం ఉంటే వేసవంతా పని ఉండేది, అదిప్పుడు లేదు. వయసులో ఉన్నవాళ్లు ఎలాగో సర్దుకున్నారు. అరవై దాటిన అమ్మమ్మకి మంచు మీద ఏం ఉద్యోగం ఇస్తారు?

ఒలింపిక్స్ కూడా వాళ్ల కళ్లముందు జరిగీ జరగనట్టే అయిపోయాయి. 2022 ఫిబ్రవరిలో కోవిడ్ వల్ల ఆటగాళ్లందరినీ కంచెల లోపల ఉంచారు. మామూలు జనానికి టికెట్లు అమ్మలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆటల్ని కొండ కిందున్నవాళ్లు మనలాగే టీవీలోనే చూశారు.

ఆ కొండ మీద ఇద్దరు ఆడపిల్లలు

ఆ ఒలింపిక్స్‌లో 109 బంగారు పతకాల్లో 51 జాంగ్‌జియాకౌ వైపే తేలాయి. అందులో రెండింటి గురించి చెప్పి తీరాలి.

షు మెంగ్‌తావోకి అప్పుడు 31 ఏళ్లు. గాల్లో గిరికీలు కొట్టే ఏరియల్స్ ఆమె ఆట. అది ఆమెకి నాలుగో ఒలింపిక్స్. మోకాళ్లకి మళ్లీ మళ్లీ ఆపరేషన్లయ్యాయి. మన వార్డులో అయితే, ఇక మెట్లు జాగ్రత్తగా ఎక్కమ్మా అని చెప్పి పంపే మోకాళ్లు. 2022 ఫిబ్రవరి 14న జెంటింగ్ వాలు మీద ఆమెకి బంగారం వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత, అదే కొండ మీద హాఫ్‌పైప్‌లో గెలిచింది ఐలీన్ గు. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. తల్లి చైనా నుంచి చదువు కోసం అమెరికా వెళ్లిన మనిషి. అమ్మ, అమ్మమ్మ కలిసి పెంచారు. అమెరికాలో పెరిగిన పిల్ల, 2019లో చైనా తరఫున ఆడతానంది. చైనా కూడా ఇండియాలాగే రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. మరి నీ పాస్‌పోర్టు ఏది అని విలేఖరులు ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల సూటిగా చెప్పలేదు. అమెరికాలో కొందరు తిట్టారు, చైనాలో నెత్తిన పెట్టుకున్నారు. మన పిల్లల్ని కూడా చుట్టాలు ఇదే అడుగుతారు కదా, నువ్వు ఇండియనా, ఇక్కడిదానివా అని. అమ్మమ్మ భాషలో మాట్లాడి, పుట్టిన ఊరి యాసలో నవ్వే పిల్లని ఒక్క మాటలో తేల్చి చెప్పమంటే ఎలా?

సూర్యాపేట మర్చిపోకూడదు

తెలుగువాళ్లం కాబట్టి ఒక విషయం దాటవేయలేను. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో మన 20 మంది సైనికులు చనిపోయారు. వాళ్లని నడిపించింది సూర్యాపేటకి చెందిన కర్నల్ సంతోష్ బాబు. ఆ ఘర్షణలో గాయపడ్డ చైనా అధికారి చేతికి 2022 ఫిబ్రవరి 2న బీజింగ్‌లో ఒలింపిక్ కాగడా ఇచ్చారు. మరునాడే, ప్రారంభ, ముగింపు ఉత్సవాలకి తన దౌత్యవేత్త వెళ్లడని భారత్ చెప్పింది. దూరదర్శన్ ఆ ఉత్సవాలని ప్రసారం చేయలేదు. ఇండియా నుంచి ఆడింది ఒకే ఒక్కడు, కాశ్మీర్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్. అతని పోటీ చోంగ్‌లీలో కాదు, బీజింగ్‌కి దగ్గర్లోని యాన్‌చింగ్‌లో.

చోంగ్‌లీ రైతులకి గల్వాన్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా వాళ్ల కొండ మీద జరిగిన పండగకి ఆ నీడ ఉంది. ఆ ఆటల గురించి రాస్తూ ఆ ఇరవై మందిని వదిలేస్తే అది చరిత్ర అవ్వదు.

చివరగా

ఎనిమిది వందల ఏళ్లలో ఈ ఊరికి చాలామంది వచ్చారు. చల్లదనం కోసం చక్రవర్తి, దాక్కోడానికి క్రైస్తవులు, కాపలా కోసం సైన్యం, జారడానికి బీజింగ్‌వాళ్లు. ఎవరి అవసరం కొద్దీ వాళ్లు ఆ చలికి ఒక ధర కట్టారు. ఊరివాళ్లని ముందు అడిగినట్టు మాత్రం ఎక్కడా కనబడదు. పని దొరికింది, ఆసుపత్రి వచ్చింది, పిల్లలు వెనక్కి వచ్చారు, అది కాదనలేం. నేల మీద మాట చెల్లడం మాత్రం పోయింది.

మనలో చాలామందికి ఊళ్లో ఇంకా కాస్తో కూస్తో నేలుంది. రోడ్డు వస్తోంది, ఫ్యాక్టరీ వస్తోంది, మంచి రేటు, సంతకం పెట్టమ్మా అని ఫోన్లు వస్తుంటాయి. అమ్మొద్దని నేను చెప్పడం లేదు, ఎవరి అవసరాలు వాళ్లవి. సంతకం పెట్టే ముందు ఆ నేల మీద ఇప్పుడు ఎవరు బతుకుతున్నారు, కౌలుదారు ఎవరు, అక్కడ పుట్టి పెరిగిన మీ అత్తయ్యో, పెద్దమ్మో ఎక్కడికి పోతుంది అన్నది ఒక్కసారి అడిగి చూడండి.

మీ ఊరికి కూడా ఇలాంటి కథ ఉంటే, డ్యామ్ కింద మునిగినదైనా, పోర్టు కోసం కదిలినదైనా, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లచేతే చెప్పించండి. రాయడం మేం చూసుకుంటాం. ఆ ఊళ్ల పేర్లు గుర్తున్నవాళ్లు ఉండగానే రాసిపెట్టుకుందాం.